ఒకే తాటిచెట్టు మీంచి పడ్డారు: ఉడుత ఉరికింది, మా చిన్నాయిన నడుము విరిగింది. ఎందుకిట్లా?

తాటివనం పోరడు:

మాది జనగామ దగ్గర ఊరు, కల్లు గీసే ఇల్లు. నేను హైదరాబాద్‌లో అకౌంట్స్ పని చేస్తాను. సైన్స్ పదో తరగతితోనే అయిపోయింది కాబట్టి ప్రశ్న చిన్నపిల్లల ప్రశ్నలా ఉంటే నవ్వకండి.

మొన్న ఆదివారం ఊరికి పోయాను. పొద్దున్నే బాపు వెంట తాటివనానికి నడిచాను. బాపు మోకు వేసుకుని చెట్టెక్కాడు. పైన లొట్టి దగ్గర ఒక ఉడుత ఉంది. అంచు మీద వేలాడుతూ మూతి లోపల పెట్టి కల్లు నాకుతోంది. ఉడుతలకు ఇది మామూలే, బాపు రోజూ తిడతాడు. బాపు చెయ్యి మట్ట మీద పడగానే అది బెదిరి పక్క మట్ట మీదికి దూకబోయి జారింది. కింద నిలబడ్డ నాకు మొత్తం కనబడింది. కిందికి వస్తూ గాల్లోనే బోర్లా తిరిగింది. నాలుగు కాళ్ళూ నాలుగు దిక్కులకు పరిచింది, తోక కుచ్చులా విచ్చుకుంది. నాకు ఆరడుగుల దూరంలో, మెత్తటి దుక్కిలో కూడా కాదు, ఎండిన గట్టు మీద "టప్" మని పడింది. సచ్చింది అనుకున్నా. రెండు మూడు సెకన్లు అట్లనే కడుపు నేలకు ఆనించి ఉంది. తర్వాత తోక ఒకసారి ఆడించి, నన్ను తిట్టినట్టు కిచకిచమని, తుమ్మకంప లోకి ఉరికింది. కుంటను కూడా కుంటలేదు.

నాకు నవ్వు రాలేదు. ఎందుకంటే అదే చెట్టు మీంచి 2013 వానాకాలంలో మా చిన్నాయిన పడ్డాడు. చెట్టు తడిసి ఉంది, మోకు జారింది. బతికాడు, కానీ నడుము విరిగింది. అప్పటి నుంచి నడుము కింద స్పర్శ లేదు. ఇప్పుడు రోడ్డు పక్కన మండువలో కుర్చీ వేసుకుని మేం దించిన కల్లు అమ్మిపెడతాడు. ఆ చెట్టు ఎత్తు 65 అడుగులు. చిన్నాయిన పడ్డాక మా తాత తాడుతో కొలిచాడు. ఎందుకు కొలిచాడో ఇప్పటికీ నాకు తెలియదు.

బడిలో మా సైన్స్ సారు చెప్పింది గుర్తుంది: బరువైనది, తేలికైనది ఒకే వేగంతో పడతాయని. అదే నిజమైతే ఉడుత, చిన్నాయిన ఒకే వేగంతో నేలను తాకాలి కదా? ఉడుత ఎముకల్లో ఏమన్నా ప్రత్యేకం ఉంటుందా? లేక అది పడే తీరులో ఉందా కిటుకు?

గోదారి గట్టు:

రాముడు వీపు నిమిరాడు కదండీ, ఆ బీమా ఇంకా నడుస్తోంది 😀

జోక్ పక్కన పెడితే మీ చిన్నాన్నగారి సంగతి చదివి మనసు చివుక్కుమంది. మా కొబ్బరితోటల్లోనూ ఏటా ఎవరో ఒకరు పడుతూనే ఉంటారు. సరైన సమాధానం కోసం నేనూ ఎదురు చూస్తున్నాను. మా కాకినాడ మాస్టారిని పిలుస్తున్నా.

కాకినాడ మాస్టారు:

పిలిచారు కాబట్టి వచ్చాను. ముప్పై ఏళ్ళు ఇంటర్ పిల్లలకు ఫిజిక్స్ చెప్పి రిటైరయ్యాను, ఎవరైనా అడిగితే ఆగలేను. కాస్త పొడుగవుతుంది, ఓర్చుకోండి.

తమ్ముడూ, మీ సారు చెప్పింది తప్పు కాదు. సగమే చెప్పారు. ఆ మాట గాలి లేని చోట నిజం. 1971లో అపోలో 15 వ్యోమగామి డేవిడ్ స్కాట్ చంద్రుడి మీద నిలబడి ఒక చేత్తో సుత్తి, ఇంకో చేత్తో ఈక పట్టుకుని ఒకేసారి వదిలాడు. రెండూ కలిసే పడ్డాయి. కానీ మీ ఉడుత పడింది చంద్రుడి మీద కాదు, జనగామలో.

పడేదాన్ని బరువు కిందికి లాగుతుంది, గాలి పైకి నెడుతుంది. వేగం పెరిగేకొద్దీ గాలి నెట్టుడు పెరుగుతుంది, అదీ మామూలుగా కాదు, వేగం రెట్టింపైతే నెట్టుడు నాలుగు రెట్లు. ఒక దగ్గర రెండూ సరిసమానమవుతాయి. అక్కడి నుంచి ఎంత దూరం పడ్డా వేగం పెరగదు. ఇక పరిమాణం సంగతి. ఉడుతను పొడుగు, వెడల్పు, మందం అన్నిట్లోనూ పదింతలు పెంచామనుకోండి. బరువు వెయ్యింతలవుతుంది. గాలికి అడ్డంపడే ఒళ్ళు మాత్రం వందింతలే. లాగేది వెయ్యి, ఆపేది వంద. అందుకే పెద్ద జంతువు గాలిని చీల్చుకుంటూ వస్తుంది, చిన్నది గాలిలో ఈడ్చుకుంటూ వస్తుంది.

మీ పోస్టు చదివాక క్యాలెండర్ వెనక లెక్క కట్టాను (అలవాటు పోలేదు, మా ఆవిడ తిడుతూనే ఉంది). మన ఊళ్ళ ఉడుత 100 గ్రాములు అటూ ఇటూ ఉంటుంది. కాళ్ళు పరిస్తే మన అరచేయంత. దాని వేగం గంటకు 42 కిలోమీటర్ల దగ్గర ఆగిపోవాలి. ఇది ఎవరో కొలిచిన అంకె కాదు, నా అంచనా. 65 అడుగులు పడేసరికే ఆ వేగంలో 97 శాతం వచ్చేసి ఉంటుంది. అంటే ఆ ఉడుత తాటిచెట్టు మీంచి పడ్డా విమానం లోంచి పడ్డా నేలకు తగిలే దెబ్బ దాదాపు ఒకటే.

మనిషికి ఆ హద్దు గంటకు సుమారు 200 కి.మీ. అంత వేగం రావాలంటే దాదాపు అర కిలోమీటరు పడాలి. 65 అడుగులు పడటానికి పట్టేది రెండు సెకన్లు. గాలి అసలు లేకపోయి ఉంటే మీ చిన్నాన్న నేల తాకే వేగం గంటకు 71 కి.మీ. గాలి ఉంది కాబట్టి 69. అదీ ఆ రెండు సెకన్లలో గాలి ఆయనకు చేసిన సాయం, 2 కిలోమీటర్లు.

ఇదే లెక్కను తిరగేసి చూడండి. ఉడుత తాకే వేగంతో మనిషి తాకాలంటే 7 మీటర్ల మీంచి, అంటే రెండంతస్తుల మేడ మీంచి దూకితే చాలు. 20 గ్రాముల చుంచెలుక తాకే వేగానికైతే మనిషి దూకాల్సిన ఎత్తు 4 మీటర్లు. చీమ వేగానికి జానెడు! చీమను కుతుబ్‌మీనార్ మీంచి తోసినా, మనం అరుగు దిగినట్టే దానికి.

ఇక్కడ మా ఊరి గొప్ప ఒకటి చెప్పుకోవాలి. ఈ విషయాన్ని మామూలు జనానికి అర్థమయ్యేలా 1926లో ఒక పత్రికా వ్యాసంలో రాసినవాడు బ్రిటిష్ జీవశాస్త్రవేత్త జె.బి.ఎస్. హాల్డేన్. లోతైన గనిలోకి చుంచెలుకను జారవిడిస్తే కాస్త అదిరి నడిచిపోతుందనీ, పెద్ద ఎలుక చస్తుందనీ, మనిషి, గుర్రం సంగతి ఇంకా ఘోరమనీ రాశాడు. గని ఉదాహరణే ఎందుకంటే, ఆయన తండ్రి బొగ్గు గనుల్లో విషవాయువుల మీద పరిశోధన చేసినవాడు, కొడుకును చిన్నప్పుడే గనుల్లోకి వెంట తీసుకెళ్ళేవాడు. హాల్డేన్ 1957లో ఇండియా వచ్చి, ఇక్కడి పౌరుడై, 1964 డిసెంబరు 1న భువనేశ్వర్‌లో పోయాడు. తన శరీరం వైద్య విద్యార్థుల చదువుకు పనికి రావాలని వీలునామా రాశాడు. ఆ శరీరం చేరింది మా కాకినాడ రంగరాయ మెడికల్ కాలేజీకి. ఆ రోడ్డు మీద వెళ్ళినప్పుడల్లా నాకు గనిలో పడి లేచి నడిచే ఆ చుంచెలుక గుర్తొస్తుంది.

ఇంకొక్క మాట. చిన్నవాటి ఎముకలు వాటి బరువుకు మన ఎముకల కన్నా చాలా గట్టివి. ఇది గెలీలియో 1638 నాటికే చెప్పాడు: గుర్రం మూడు నాలుగు మూరల మీంచి పడితే ఎముకలు విరుగుతాయి, పిల్లి ఎనిమిది పది మూరల మీంచి పడ్డా ఏమీ కాదు అని. కాబట్టి మీ ఉడుతకు రెండు లాభాలు, తక్కువ వేగం, గట్టి ఎముక.

గాలి చిన్నవాళ్ళ పక్షమే కానీ నీళ్ళు కాదు సుమా. స్నానం చేసి వచ్చిన మనిషి మోసే తడి అరకిలో లోపే. తడిసిన చుంచెలుక దాదాపు తనంత బరువు నీళ్ళు మోయాలి. టీ గ్లాసులో పడ్డ ఈగ పాట్లు మీరు చూసే ఉంటారు.

తాటివనం పోరడు:

సార్, 2 కిలోమీటర్లు అన్న లైను దగ్గర ఆగిపోయాను. చిన్నాయినకు ఫోన్ చేసి చదివి వినిపించాను. "అయితే ఆ గాలి నాకు బాకీ ఉన్నట్టే" అన్నాడు. ఇంకో ప్రశ్న కూడా వేశాడు: ఉడుతకు ఎత్తు పెరిగినా దెబ్బ పెరగనట్టు, మనిషి మరీ ఎత్తు నుంచి పడితే గాలి ఆపుతుందా అని. విమానం లోంచి పడి బతికిన అమ్మాయి గురించి ఎక్కడో విన్నాడట.

పిల్లి సంగతి కూడా ఎవరైనా చెప్పండి. మా ఫ్లాట్ పక్కింటి వాళ్ళ పిల్లి నాలుగో అంతస్తు మీంచి పడి బతికింది. "పిల్లి ఎంత ఎత్తు నుంచి పడితే అంత మంచిది" అని వాట్సాప్‌లో చూశా.

కాకినాడ మాస్టారు:

ఆపుతుంది, గంటకు 200 దగ్గర. ఆ వేగంతో నేల తాకితే మామూలుగా మనిషి మిగలడు. చిన్నాన్న విన్న అమ్మాయి యూలియానే కోప్కే అయి ఉంటుంది. 1971 డిసెంబరు 24న పెరూలో విమానం గాల్లోనే ముక్కలైంది. పదిహేడేళ్ళ పిల్ల, సీటు బెల్టుతో సీటుకు కట్టేసినట్టే సుమారు 3 కిలోమీటర్లు కిందికి వచ్చి అడవిలో పడి బతికింది. ఆమెను కాపాడింది గాలి ఒక్కటే కాదు, కింద దట్టమైన చెట్లు. కొమ్మల్లోంచి పడుతూ రావడమంటే ఒకేసారి కాకుండా విడతలు విడతలుగా ఆగడం.

పిల్లుల డాక్టర్:

పిల్లి నా సబ్జెక్టు, నేను చెప్తాను. హైదరాబాద్‌లో క్లినిక్ నడుపుతున్నాను. ఎండాకాలం కిటికీలు తెరిచి పెట్టగానే ఈ కేసులు మొదలవుతాయి.

ముందు ఆ వాట్సాప్ మాట గురించి. అది 1987లో న్యూయార్క్ జంతువుల ఆస్పత్రి డాక్టర్లు ప్రచురించిన ఒక పేపర్ నుంచి పుట్టింది. మేడల మీంచి పడిన 132 పిల్లుల రికార్డులు చూశారు. సగటున ఐదున్నర అంతస్తులు. వైద్యం చేసినవాటిలో 90 శాతం బతికాయి. వింతేమిటంటే, ఏడు అంతస్తుల దాకా గాయాలు పెరుగుతూ పోయి, అంతకు మించి పడ్డ పిల్లుల్లో తగ్గాయి. వేగం పెరగడం ఆగగానే పిల్లి ఒళ్ళు వదులు చేసి కాళ్ళు పక్కలకు చాపుతుంది, అందుకే దెబ్బ ఒళ్ళంతా పంచుకుంటుంది అని వాళ్ళు వివరణ ఇచ్చారు.

కానీ ఆ లెక్కలో ఒక చిల్లు ఉంది. ఇరవయ్యో అంతస్తు నుంచి పడి అక్కడికక్కడే చచ్చిన పిల్లిని ఎవరు ఆస్పత్రికి తెస్తారండీ? తెచ్చేది కదులుతున్న పిల్లినే. అంటే రికార్డులోకి ఎక్కినవే గట్టివి. 2004లో క్రొయేషియా జాగ్రెబ్ వాళ్ళు 119 పిల్లుల మీద రాసిన పేపర్‌లో ఏడో అంతస్తు, ఆ పైనుంచి పడినవాటికి గాయాలు, ముఖ్యంగా ఛాతీ దెబ్బలు ఎక్కువే ఉన్నాయి. కాబట్టి "ఎత్తు ఎక్కువైతే మంచిది" అనేది పట్టుకుని ఎవరూ బాల్కనీ తలుపులు తీసి పెట్టకండి.

పిల్లి మధ్యరకం జంతువు. ఉడుతలా గాలి మీద భారం వేసి కూర్చోలేదు, దాని హద్దు వేగం గంటకు వంద కి.మీ. దరిదాపు. కానీ గాల్లోనే తిరిగి కాళ్ళ మీద దిగుతుంది, మోకాళ్ళు బాగా మడిచి దెబ్బను మింగుతుంది. చాలక గడ్డం వెళ్ళి నేలకు కొట్టుకుంటుంది. అందుకే మా దగ్గరికి వచ్చే పిల్లులన్నిటికీ దాదాపు ఒకే బొమ్మ: గడ్డం చీలి ఉంటుంది, నోరు తెరిస్తే అంగిలి మధ్యలో పగులు, కాలు విరిగి ఉంటుంది, ఊపిరితిత్తి పక్కన గాలి చేరి ఉంటుంది. నాలుగో అంతస్తు నుంచి పడిన ఒక నారింజ రంగు పిల్లి నడుచుకుంటూ ఇంట్లోకి వచ్చి పాలు తాగబోయిందట. పాలు ముక్కులోంచి వచ్చాయి. అప్పుడు గానీ ఇంటివాళ్ళకు టెన్షన్ పట్టలేదు.

పక్కింటి వాళ్ళకు చెప్పండి: నడుస్తోంది కదా అని వదిలేయొద్దు, ఎక్స్‌రే తీయించండి. పడిన పిల్లికి తిండి, నీళ్ళు పెట్టకుండా అట్టపెట్టెలో పడుకోబెట్టి తీసుకురావాలి. పావురాల వల కట్టిస్తే పిల్లి కూడా ఆగుతుంది, వల బిగుతుగా ఉంటేనే.

సిమెంటు బుర్ర:

నిజామాబాద్ వాడిని, షార్జాలో బిల్డింగ్ సైట్ల మీద సేఫ్టీ చూస్తాను. మాస్టారూ, మీ లెక్కలకు దండం. కానీ ఎముక మాట దగ్గర చిన్న గొడవ పెట్టుకుంటాను, క్షమించాలి.

నిలబడి మోయడంలో గెలీలియో మాట సరే. పడి ఆగడంలో లెక్క వేరు. మీ చిన్నాయన ఒళ్ళు, మట్టి కలిసి 10 సెంటీమీటర్లలో ఆగాయనుకుందాం. అప్పుడు ఆయన మీద పడే బలం ఆయన బరువుకు 180 రెట్ల పైన. ఉడుత ఆగడానికి దొరికేది 3 సెంటీమీటర్లే. దానికి 200 రెట్ల పైన వస్తుంది. అంటే ఆ లెక్కలో ఉడుతకే పెద్ద దెబ్బ! అయినా ఎందుకు విరగలేదు? బస్సు ఉదాహరణ చెప్తాను. కిక్కిరిసిన ఆర్టీసీ బస్సు సడన్ బ్రేకు వేస్తే, ముందు రాడ్ పట్టుకున్నవాడి పక్కటెముకల మీద వెనకున్న నలభై మందీ పడతారు. బస్సులో ఇద్దరే ఉంటే అదే బ్రేకుకు వాడికి భుజం తగులుతుందంతే. మనిషి నడుములో ఒక పూస ఆగిందంటే దాని వెనక ఛాతీ, తల, చేతులు అన్నీ తోసుకుంటూ వస్తాయి. ఉడుత పూస వెనక వచ్చేది రెండు మూడు అంగుళాల మాంసం.

ఈ రెండూ కలిపి చూస్తే ఒకటి తేలుతుంది. ఆగే దూరం ఒళ్ళు సైజుతో పాటు పెరిగితే, ఒకే వేగంతో తాకిన చిన్నదానికీ పెద్దదానికీ ఎముక మీద ఒత్తిడి సమానమే. కాబట్టి ఉడుతకు లాభాలు రెండు కావు, పెద్ద లాభం ఒకటే, వేగం. మిగతాది పడే తీరు: ఉడుత, పిల్లి కాళ్ళు మడుచుకుని బతికే జంతువులు. ఏనుగు కాళ్ళు స్తంభాల్లాంటివి, మడిచి దెబ్బ మింగే వీలు తక్కువ.

కాకినాడ మాస్టారు:

గొడవ కాదు బాబూ, దిద్దుబాటు. ఒప్పుకుంటున్నాను. ముప్పై ఏళ్ళు పిల్లలకు "గట్టి ఎముక" అనే చెప్పాను. మీ బస్సు అప్పుడే ఎక్కి ఉండాల్సింది.

సిమెంటు బుర్ర:

పెద్దవారు, అంత మాట ఎందుకు మాస్టారూ.

పోరడు తమ్ముడూ, అసలు నేను రాయాలనుకున్నది ఇది. 65 అడుగుల మీద మనిషికి గాలి ఏమీ చేయదని తేలింది కదా, ఇక మిగిలింది ఆగే దూరం. మా సైట్లో హార్నెస్ (పడకుండా ఒంటికి బిగించుకునే పట్టీలు) తాడుకు ఒక చిన్న పొట్లం ఉంటుంది, లోపల మడతలు పెట్టి కుట్టిన పట్టీ. మనిషి పడగానే కుట్లు ఒక్కొక్కటిగా తెగుతూ పట్టీ సాగుతుంది. పది సెంటీమీటర్లలో ఆగాల్సినవాడు మీటరు పైన దూరంలో ఆగుతాడు. అప్పుడు ఒంటి మీద పడే బలం 6 కిలోన్యూటన్లు దాటకూడదని యూరప్ ప్రమాణం, అంటే సుమారు 600 కిలోల బరువంత. మీ బాపు దగ్గర ఇట్లాంటి కిట్ ఉందా? 2024 జులైలో తెలంగాణ ప్రభుత్వం కల్లు గీసేవాళ్ళకు, వాళ్ళ దేవుడు కాటమయ్య మీద కాటమయ్య రక్ష అని పేరు పెట్టి ఇవ్వడం మొదలుపెట్టింది కదా.

తాటివనం పోరడు:

ఉంది అన్నా. అటక మీద బియ్యం సంచిలో ఉంది. బాపు రెండు వారాలు వాడి పక్కన పెట్టాడు. మోకుతో ఎక్కే టైముకు రెట్టింపు పడుతుందట, పదిహేను చెట్లు దించేసరికి ఎండెక్కి కల్లు పులిసిపోతుందట. "ముప్పై ఐదేళ్ళ నుంచి ఎక్కుతున్నా, కాటమయ్య చూసుకుంటాడు" అంటాడు. చిన్నాయినకు కూడా కాటమయ్యే ఉన్నాడు కదా అంటే మాట్లాడడు.

నిన్న చిన్నాయినే బాపును కూర్చోబెట్టాడు. నేను చెప్పిన 69, 71 అంకెలు మండువ గోడ మీద బొగ్గుతో రాసి చూపించాడు. బాపు చాలాసేపు చూసి, "వాన పడ్డ రోజు వేసుకుంటా" అన్నాడు. ప్రస్తుతానికి అంతవరకే ఒప్పందం.

సంచి దించి చూశాను. ఒక పట్టీ మీద కొంచెం నూగు లేచింది, తాటి మట్టల మొదళ్ళకు రాసుకుని ఉంటుంది, అవి రంపం లెక్కనే ఉంటాయి. ఇది పనికొస్తుందా, మార్చాలా? ఎట్లా చూడాలి?

సిమెంటు బుర్ర:

పట్టీని రెండు చేతులతో పట్టుకుని తిరగేసిన U ఆకారంలో వంచు, వంపు మీద దారాలు తెగి పైకి లేస్తే పక్కన పడెయ్. పైపైన నూగు మాత్రమే అయితే పర్వాలేదు, అంచు మీద కోత ఉంటే మాత్రం వద్దు. కుట్లు ఒక్కొక్కటీ గోరుతో లాగి చూడు. కొక్కెం తెరిచి వదిలితే దానంతట అది టక్కున మూసుకోవాలి. ఇసుక ఉంటే కడుగు, తుప్పు పట్టి ఉంటే వాడొద్దు. ఒక్కసారి మనిషిని ఆపిన పట్టీని మళ్ళీ వాడకూడదు, చూడటానికి కొత్తగా ఉన్నా సరే. ఇంకోటి, జారి తాడుకు వేలాడుతున్న మనిషిని ఊరంతా వచ్చేదాకా అలాగే ఉంచొద్దు. తొడల పట్టీలు నెత్తురు ఆపేస్తాయి, ఎంత తొందరగా దించితే అంత మంచిది. బాపు ఒక్కడే వనానికి పోయే రోజు కింద ఎవరైనా ఉండేలా చూడు.

పట్టీ ఫొటో పెట్టు, రెండు వైపులా, పగటి వెలుతురులో.

తాటివనం పోరడు:

సరే అన్నా. శనివారం ఊరికి పోతున్నా, తీసి పెడతా.

గోదారి గట్టు:

ఆ ఉడుత కనిపిస్తే అదీ ఒక ఫొటో.

తాటివనం పోరడు:

అది రోజూ వస్తోందట. బాపు దానికి వేరే చిన్న లొట్టి కట్టాడు.